నీళ్లు లేని కొలనుకు నడక

అందరికీ నమస్కారం. ఆహ్వాన పత్రంలో ఈ ప్రసంగం పేరు చూసి ఇందాక ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచారు. "నీళ్లే లేకపోతే అది కొలను ఎలా అవుతుంది బాబూ?" అని అడిగారు. సరైన ప్రశ్నే. జవాబు చెప్పడానికి నాకు నలభై నిమిషాలు ఇచ్చారు కాబట్టి తొందరపడను. కొలను దాకా నడిచి వెళ్లాక చెబుతాను.

ఆ కొలను పేరు క్రాన్‌మియర్ పూల్. ఇంగ్లండుకు నైరుతి మూల డెవన్ అనే కౌంటీ ఉంది. దాని నడుమ చుట్టూ ఉన్న పొలాల కంటే ఎత్తుగా లేచిన ఒక పెద్ద గ్రానైట్ దిమ్మ ఉంది. అదే డార్ట్‌మూర్. 1951లో దాన్ని జాతీయ ఉద్యానవనం చేశారు. విస్తీర్ణం 954 చదరపు కిలోమీటర్లు. అన్నిటికంటే ఎత్తైన చోటు హై విల్‌హేస్, 621 మీటర్లు. కొండలు ఎక్కే అలవాటున్నవారికి ఈ అంకె నవ్వు తెప్పిస్తుంది. నేనూ మొదటిసారి నవ్వాను. అక్కడ ఎత్తుతో పేచీ లేదు, పేచీ అంతా నేలతోనే.

మూర్ అనే మాటకు తెలుగు ఏమిటని చాలాకాలం వెతుక్కున్నాను. బీడు అందామంటే, బీడు దున్నడం మానేసిన నేల. నాలుగు వానలు పడితే మళ్లీ నాగలి కట్టవచ్చు. డార్ట్‌మూర్ ఉత్తర భాగంలో నాగలి దిగే చోటు లేదు. మెట్ట అందామంటే మెట్టకు నీటి కరువు, దీనికి నీళ్లు తప్ప వేరే ఆస్తి లేదు. పోనీ చిత్తడి అందామా? చిత్తడి పల్లంలో ఉండాలి. ఇది కొండ నెత్తిన ఉంది. కొండ మీద చిత్తడి ఏమిటని మా మేనల్లుడు కూడా అడిగాడు. కాబట్టి ఈ పూటకు మూర్‌ను మూర్ అనే అంటాను, క్షమించండి.

కొండ మీద నీరు ఎందుకు నిలిచిందో ముందే చెప్పేస్తే తర్వాత నడక తేలికవుతుంది. అడుగున ఉన్నది దాదాపు 28 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. నీటిని సులువుగా కిందికి దిగనివ్వదు. పైన అట్లాంటిక్ మీదుగా వచ్చే మేఘాలు మొదట తగిలే ఎత్తుల్లో ఇదొకటి. మూర్ నడుమ ఉన్న ప్రిన్స్‌టౌన్‌లో ఏడాదికి సుమారు 2000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. కింద దారి లేదు, పైనుంచి ధార ఆగదు. నేల ఎప్పుడూ తడిగా ఉంటే చచ్చిన గడ్డి, నాచు పూర్తిగా కుళ్లవు. గాలి తగలదు, పైగా ఆ నీటిలో ఆమ్లం ఎక్కువ. సగం కుళ్లిన ఆ మొక్కలే పొరలు పొరలుగా పేరుకుంటాయి. దాన్నే పీట్ అంటారు. ఏడాదికి మహా అయితే ఒక మిల్లీమీటరు. మన గోరు వారం రోజుల్లో పెరిగేది అంతే. ఈ లెక్క గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

జూన్‌లో ఒక శనివారం మేమిద్దరం బయలుదేరాం. వాడు మా అక్క కొడుకు, అక్కడికి చదువుకోవడానికి వచ్చాడు. చేతిలో ఫోను, ఫోనులో పటం, పటంలో నీలి చుక్క. "మామయ్యా, మీరు ఆ కాగితం పటం మోసుకొస్తున్నారెందుకు?" అన్నాడు. నేను మాట్లాడలేదు. ఇలాంటి వాటికి జవాబు దారి చెప్పుకుంటుందని నా నమ్మకం.

పోస్ట్‌బ్రిడ్జ్ అనే చిన్న ఊరు దగ్గర కారు ఆపాం. అక్కడ ఈస్ట్ డార్ట్ నది మీద మధ్యయుగాల నాటి రాతి వంతెన ఉంది. రాతి దిమ్మెల మీద రాతి పలకలు పరిచారు, అంతే. ఒక్కో పలక నాలుగు మీటర్లకు పైగా పొడవు, ఎనిమిది టన్నులకు పైగా బరువు. దాని మీద నిలబడి నేను కాగితం తీసి లెక్క వేశాను. విలియం నైస్మిత్ అనే స్కాట్లండు పర్వతారోహకుడు 1892లో చెప్పిన సూత్రం ఒకటుంది. గంటకు ఐదు కిలోమీటర్ల చొప్పున నడక లెక్కగట్టి, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఒక గంట కలపాలి. నది పక్కనే పోతే క్రాన్‌మియర్ సుమారు 11 కిలోమీటర్లు, ఎక్కాల్సింది 220 మీటర్లు. రెండు గంటల 35 నిమిషాలు అని తేలింది. మాకు పట్టింది నాలుగు గంటల 50 నిమిషాలు. నైస్మిత్ గారి తప్పేమీ లేదు. ఆయన లెక్కలో దూరం ఉంది, ఎత్తు ఉంది, నీరు లేదు.

మొదటి గంట హాయిగా సాగింది. గొర్రెలు కొరికి నున్నగా చేసిన పచ్చిక, పక్కన నది గలగల, తలపైన కనిపించకుండా పాడే స్కైలార్క్ పిట్ట. జూలు గాలికి ఎగురుతున్న పొట్టి గుర్రాలు దారికి అడ్డంగా నిలబడి మమ్మల్ని పట్టించుకోలేదు. ఈస్ట్ డార్ట్ జలపాతం దగ్గర ఓ కుటుంబం కూర్చుని ఫలహారం చేస్తోంది. జలపాతం అన్నారని పెద్దగా ఊహించుకోకండి, నిలువెత్తు కూడా ఉండదు. చాలామంది అక్కడితో వెనక్కి తిరుగుతారు. కాలిబాట కూడా వాళ్లతోపాటే తిరిగిపోతుంది.

ఇంకాస్త పైకి పోతే శాండీ హోల్ పాస్ అనే ఇరుకు లోయ వస్తుంది. నది ఇక్కడ ఉన్నట్టుండి సన్నబడి, రెండు గట్ల మధ్య తిన్నగా, వేగంగా పారుతుంది. మా వాడు "బాగుంది, ఎవరో కాలువ తవ్వినట్టుంది" అన్నాడు. నిజంగానే తవ్వారు. డార్ట్‌మూర్‌లో శతాబ్దాల పాటు తగరం కోసం వాగుల అడుగున ఉన్న కంకరను కడిగేవారు. బరువైన తగరపు రాయి అడుగున దిగుతుంది, తేలికైన మన్ను నీటితో పోవాలి. మన్ను పోవాలంటే నీటికి జోరు కావాలి. జోరు కావాలంటే నదిని ఇరుకు చేయాలి. అందుకని రాళ్లతో గట్లు కట్టి నదినే బిగించారు. ఆ మనుషులు పోయారు, తగరం పోయింది, నది మాత్రం ఇప్పటికీ వాళ్లు చెప్పినట్టే పారుతోంది. నిర్మానుష్యం అని పర్యాటక పత్రాల్లో రాసే చోట నేను ముందుగా చూసేది ఇలాంటి గుర్తులనే.

ఆ ఇరుకు దాటగానే లోయ ఒక్కసారిగా విప్పుకుంటుంది. దాని పేరు బ్రాడ్ మార్ష్. పేరే చెబుతోంది, పెద్ద చిత్తడి అని. మాకు సరదా ఇక్కడే మొదలైంది.

మూర్‌లో దారి పటంలో ఉండదు, రంగుల్లో ఉంటుంది. ఊదా, గోధుమ కలిసిన ముదురు రంగు హెదర్ పొద కనిపిస్తే అక్కడ కొంత గట్టి నేల. బ్రాకెన్ అనే ఫెర్న్ మొక్క ఉంటే ఇంకా మంచిది, దాని వేళ్లకు నీరు నిలవని మన్ను కావాలి. గుండ్రటి కాడల తుంగ కనిపిస్తే బూటు తడుస్తుంది. తెల్లటి దూది కుచ్చులు గాలికి ఊగుతుంటే అది కాటన్ గ్రాస్. చూడటానికి పండుగలా ఉంటుంది, దాని కింద నీరు ఖాయం. ఎండిన గడ్డిలాంటి లేత పసుపు రంగు విశాలంగా పరుచుకుని ఉంటే అది మోలినియా. మునగరు కానీ ఏడుస్తారు. మోకాలెత్తు గుబుర్లు, గుబురుకూ గుబురుకూ మధ్య కనిపించని సందు. పైన అడుగేస్తే గుబురు పక్కకు ఒరుగుతుంది, సందులో వేస్తే చీలమండ తిరుగుతుంది. మూడో దారి లేదు.

ఇన్ని రంగుల్లోకీ అందమైనది లేత చిలకాకుపచ్చ. మెరుస్తూ, మెత్తగా, పరుపు పరిచినట్టు ఉంటుంది. మా వాడు అదే చూపించాడు.

"మామయ్యా, అదిగో, ఎంత పచ్చగా ఉందో! కాసేపు అక్కడ కూర్చుందామా?"

అది స్ఫాగ్నమ్ నాచు. తన పొడి బరువుకు ఇరవై రెట్ల దాకా నీరు పట్టుకోగలదు. పిడికెడు తీసి పిండితే స్పాంజి పిండినట్టు చేయి కారిపోతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో దూది చాలనప్పుడు ఈ నాచునే మూర్ మీద ఏరి, ప్రిన్స్‌టౌన్‌లో శుభ్రం చేసి, సైనికుల గాయాలకు కట్లు కట్టడానికి పంపేవారు. నీటి గుంట మీద ఈ నాచు చాపలా అల్లుకుంటే కింద ఎంత లోతు ఉందో పైకి తెలియదు. కాలు పెడితే చుట్టూ నాలుగు గజాల నేల ఊగుతుంది. అక్కడివాళ్లు దీన్ని ఈకల పరుపు అంటారు. ఇంకో పేరు డార్ట్‌మూర్ గుర్రపుశాల. గుర్రాలు లోపలికి వెళ్లి ఇక బయటికి రావని వాళ్ల పరాచికం.

ఇదంతా వాడికి వివరంగా, చేతులు తిప్పుతూ, వెనక్కి నడుస్తూ చెప్పాను. ఉపాధ్యాయుడిగా ముప్పై ఏళ్ల అలవాటు, శ్రోత కళ్లలోకి చూడకపోతే నోట మాట రాదు. వెనక్కి వేసిన ఏడో అడుగో ఎనిమిదో అడుగో నేలకు తగల్లేదు. (నవ్వులు) కుడికాలు తొడ దాకా దిగిపోయింది. పచ్చది కూడా కాదు, రెండు గుబుర్ల మధ్య నల్లటి సన్న చీలిక. చల్లదనం ముందు తెలిసింది, లోతు తర్వాత తెలిసింది. వాడు నవ్వాలో అరవాలో తేల్చుకోలేక రెండూ చేశాడు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. ఆ మాట అన్నవారు మూర్‌కు రాలేదు. ఇక్కడ తొక్కక తప్పదు. తొక్కాక ఏం చేయాలన్నది తెలుసుకోవాలి. సినిమాల్లో చూపించినట్టు ఊబి మనిషిని మింగేయదు. మన ఒంటి కంటే ఆ బురద బరువు ఎక్కువ, తల దాకా లాగదు. కానీ కాలు మాత్రం వదలదు. గట్టిగా లాగితే అడుగున ఖాళీ ఏర్పడి, ఆ ఖాళీయే కాలిని పట్టి పీలుస్తుంది. అందుకని వెనక్కి వాలి, గట్టి గుబురు మీద వీపు ఆనించి, చేతికర్రను అడ్డంగా పడేసి దాని మీద బరువు వేశాను. ఆ తర్వాత మడమను ఇటూ అటూ నెమ్మదిగా ఆడించాను. బూటు పక్కగా నీరు లోపలికి దిగుతున్నప్పుడు గుటుక్కుమని చప్పుడు అవుతుంది. ఆ చప్పుడు వినిపించాక లాగాలి. బూటుతో సహా బయటపడ్డాను. మేజోడు నిండా నల్లటి ముద్ద. చేతిలోకి తీసుకుంటే వెన్నలా జారింది, దానిలో ఒక గడ్డి వేరు చెక్కుచెదరకుండా ఉంది. అది ఏ శతాబ్దపు వేరో.

అప్పటి నుంచి వాడు నా వెనక నడిచాడు. ఫోను కూడా జేబులో పెట్టేశాడు. అంతకుముందే సిగ్నల్ పోయిందని తర్వాత ఒప్పుకున్నాడు.

పైకి పోయే కొద్దీ నది వాగైంది, వాగు పాయలైంది, పాయలు గడ్డిలో ఇంకిపోయాయి. ఇప్పుడు పట్టుకుని నడవడానికి ఏమీ లేదు. నేల ముక్కలు ముక్కలుగా తెగి ఉంటుంది. మనిషెత్తు నల్లటి గట్లు, వాటి మధ్య మెలికలు తిరిగిన బురద సందులు. గట్టు పైన గడ్డి టోపీ, పక్కన నిలువుగా కోసిన పీట్. దీన్ని హ్యాగ్ అంటారు. ఇందాక గోరు లెక్క గుర్తు పెట్టుకోమన్నాను. ఒక హ్యాగ్ పక్కన వాడిని నిలబెట్టి, తల దగ్గర వేలు పెట్టించాను. "ఇది ఈ ఏడాది గడ్డి. ఇక్కడి నుంచి నీ భుజం దాకా ఏసుక్రీస్తు తర్వాతి చరిత్రలో కొంత. నీ పాదాల దగ్గర ఏ రాజు ఉన్నాడో నాకు తెలియదు" అన్నాను. ఏడాదికి ఒక మిల్లీమీటరు అనుకుంటే మనిషెత్తు గట్టు అంటే పదిహేడు పద్దెనిమిది వందల ఏళ్లు.

ఇది మాటవరసకు చెప్పింది కాదు. క్రాన్‌మియర్‌కు తూర్పున ఒకటిన్నర కిలోమీటర్ల లోపే వైట్‌హార్స్ హిల్ ఉంది. అక్కడ ఒక హ్యాగ్ పక్క విరిగిపడుతుంటే పీట్‌లోంచి రాతి పెట్టె ఒకటి బయటికి తొంగిచూసింది. 2011లో పురాతత్త్వవేత్తలు దాన్ని విప్పారు. లోపల ఒక యువ ప్రాయపు మనిషి దహన శేషాలు. వాటిని ఎలుగుబంటి తోలులో చుట్టారు. పక్కన ఒక బుట్ట, 200కు పైగా పూసలు, వాటిలో అంబర్, తగరం పూసలు కూడా. చెవులకో పెదవికో పెట్టుకునే చెక్క కమ్మలు, తగరపు బొడిపెలు కుట్టిన అల్లిక కడియం, తోలు అంచు కుట్టిన నేత వస్త్రం. కాలం క్రీస్తుపూర్వం 1730, 1600 మధ్య. కింద పొలాల్లో అదే కాలపు సమాధి తవ్వితే ఎముక పొడి, కుండ పెంకు దొరుకుతాయి. బట్ట దొరకదు, బుట్ట దొరకదు. ఇక్కడ దొరికాయంటే ఆ కొండ నెత్తిన ఉన్న నీరు మూడున్నర వేల ఏళ్లకు పైగా గాలిని దగ్గరికి రానివ్వలేదు. నా మేజోడును పాడుచేసిన నీరే. అవి ఇప్పుడు ప్లిమత్‌లోని ప్రదర్శనశాలకు చేరాయి. చూసే అవకాశం దొరికితే ఆ చెక్క కమ్మల దగ్గర కాసేపు నిలబడండి. మెరుగు పెట్టిన చేయి నిన్నటిదే అనిపిస్తుంది.

హ్యాగుల మధ్య ఉండగానే పొగమంచు కమ్మింది. కమ్మింది అనేకంటే, మేము ఉన్న చోటుకే మేఘం వచ్చి కూర్చుంది అనాలి. ఇరవై గజాల అవతల ఉన్న గొర్రె ఎద్దంత కనిపించింది. డెవన్‌లో పాత నమ్మకం ఒకటుంది. మూర్ మీద దారి తప్పితే పిక్సీలనే చిట్టి దయ్యాలు తిప్పుతున్నట్టు. విరుగుడు ఏమిటంటే, కోటు విప్పి లోపలి వైపు పైకి వచ్చేలా తిరగేసి తొడుక్కోవాలి. నవ్వకండి, ఇందులో తెలివి ఉంది. దారి తప్పిన మనిషి చేసే మొదటి తప్పు వేగం పెంచడం. కోటు తిరగేయాలంటే ఆగాలి, బరువు దించాలి, ఊపిరి పీల్చాలి. ఆ రెండు నిమిషాల్లో సగం దయ్యాలు వాటంతట అవే పోతాయి.

మేము ఆగి పటం తీశాం. ఈస్ట్ డార్ట్ పుట్టే చోటు నుంచి క్రాన్‌మియర్ దాదాపు వాయవ్యంగా, ఆరేడు వందల మీటర్లు. దిక్సూచి ముల్లు సరిచేసి, ఆ దిశలో కనిపించే చివరి గుబురు దాకా వాడిని నడిపించి, అక్కడికి నేను చేరి, మళ్లీ ముందుకు పంపి, కప్పగంతుల్లా సాగాం. దూరానికి అడుగుల లెక్క. కుడికాలు పడ్డ ప్రతిసారీ ఒకటి. చదును నేల మీద నాకు వంద మీటర్లకు 66 వస్తుంది. ఆ రోజు హ్యాగులు ఎక్కి దిగుతూ 90 దాటింది. వాడు పైకి లెక్కపెడుతున్నాడు, చిన్నప్పుడు ఎక్కాలు వల్లెవేసినట్టు. తెలుగులో లెక్కపెట్టడం విని నాకు ఎందుకో ముచ్చటేసింది.

ఆరువందలు దాటాక కొంచెం పల్లం తగిలింది. అడుగున నల్ల బురద, గడ్డి, చుట్టూ తరిగిన గట్లు. ఒక పక్క రాతి పెట్టె. వచ్చేశాం. వాడు చుట్టూ చూసి "ఏదీ కొలను?" అన్నాడు.

పెద్దాయనా, ఇప్పుడు మీ జవాబు. పీట్ నడుమ నిలిచిన నీరు పీట్ గట్టు మీదే ఆధారపడి ఉంటుంది. గట్టు ఒక్కచోట తెగితే చాలు, నీరు దారి చేసుకుని దిగిపోతుంది, ఖాళీ గిన్నె మిగులుతుంది. పేరు మాత్రం పటంలో అలాగే ఉండిపోయింది. ఇది శాస్త్రం చెప్పే జవాబు. ఓక్‌హాంప్టన్ ఊరివాళ్ల జవాబు ఇంకా బాగుంటుంది. బెంజీ గేర్ అని ఆ ఊరి పురపాలకుడు ఒకాయన చచ్చి దయ్యమై ఊరిని పీడించాడట. అతడిని వదిలించుకోలేక, క్రాన్‌మియర్ కొలనును జల్లెడతో తోడి ఖాళీ చేసేదాకా కదలకూడదని శిక్ష వేశారు. జల్లెడతో నీళ్లు తోడటం అయ్యే పనేనా? బెంజీ కొన్నాళ్లు తోడాడు. తర్వాత అటుగా ఒక గొర్రె తోలు దొరికింది. దాన్ని జల్లెడలో పరిచి ఎంత జోరుగా తోడాడంటే, కొలను ఎండింది, కింద ఓక్‌హాంప్టన్ మునిగింది. అధికారులు వేసిన శిక్షను అధికారుల మీదికే తిప్పికొట్టిన దయ్యమంటే నాకు గౌరవం.

ఇక ఆ రాతి పెట్టె. 1854లో చాగ్‌ఫర్డ్ ఊరి జేమ్స్ పెరట్ అనే మార్గదర్శి, తాను తీసుకొచ్చిన యాత్రికులు తమ పేరు చీటీలు వదిలి వెళ్లేందుకు ఇక్కడ ఒక సీసా పెట్టాడు. ఆ రోజుల్లో ఇక్కడిదాకా రావడమే గొప్ప. 1905లో సందర్శకుల పుస్తకం వచ్చింది. 1937లో ఒక స్థానిక పత్రిక పాఠకులు చందాలు వేసి రాతి పెట్టె కట్టించారు. ఎవరో మొదలుపెట్టిన ఆచారం ఏమిటంటే, మన చిరునామా రాసి తపాలాబిళ్ల అంటించిన కార్డు అందులో ఉంచాలి. తర్వాత వచ్చిన మనిషి దాన్ని కిందికి తీసుకెళ్లి పోస్టు చేయాలి. ఎప్పుడు వస్తాడో తెలియదు, వస్తాడో రాడో తెలియదు. ఇప్పుడు మూర్ నిండా ఇలాంటి డబ్బాలు దాచి, వాటిలోని రబ్బరు ముద్రలు సేకరించడం చాలామందికి వ్యసనమైంది. అన్నిటికీ అమ్మ మాత్రం ఈ సీసాయే. మేము రాతి పెట్టె లోపల ఉన్న కార్డు ఒకటి తీసుకుని, మాది ఒకటి పెట్టాం.

బయలుదేరే ముందు మా వాడు ఒక పని చేశాడు. పటంలో నేను చూపించాను. ఈ చుట్టుపక్కలే టా, డార్ట్, ఓక్‌మెంట్, టావీ, టీన్ నదుల పుట్టుకలు. టా, ఓక్‌మెంట్ నీళ్లు ఉత్తరానికి, బ్రిస్టల్ చానల్ వైపు పోతాయి. డార్ట్, టీన్, టావీ దక్షిణాన ఇంగ్లిష్ చానల్‌లో కలుస్తాయి. వాడు మా మంచినీళ్ల సీసాలో మిగిలిన నీళ్లు గట్టు మీద పోసి, ఎటు పోతాయో చూద్దామని గొంతుక్కూర్చున్నాడు. ఎటూ పోలేదు. నాచు తాగేసింది. ఆ నాచు తడిసి, ఊరి, ఎప్పుడో ఒక రోజు ఏ పక్కకో ఒక చుక్క వదులుతుంది. అందుకే గత కొన్నేళ్లుగా ఇక్కడ పాత కాలువలను, కోతకు గురైన సందులను చిన్న చిన్న అడ్డుకట్టలతో మూసి, పీట్‌ను మళ్లీ తడపాలని చూస్తున్నారు. ఎండిన పీట్ కుళ్లడం మొదలుపెడితే వేల ఏళ్లు దాచుకున్న బొగ్గుపులుసు వాయువును వదిలేస్తుంది. తెగిన చోట మట్టి కూడా నీటితో కొట్టుకుపోతుంది. అడ్డుకట్ట అంటే పెద్ద నిర్మాణం అనుకోకండి, కొన్నిచోట్ల రెండు చెక్కలూ కొంత పీట్ ముద్దా, అంతే.

తిరుగు ప్రయాణం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. కాళ్లు లాగాయి, మంచు విడిచింది, చీకటి పడకముందే వంతెన దాటాం. వేసవి కాబట్టి సరిపోయింది.

ప్రశ్నలకు కొంత సమయం ఉందంటున్నారు. అడగండి.

అక్కడికి ఎవరైనా వెళ్లవచ్చా అని అడుగుతున్నారు. వెళ్లవచ్చు. 1985 నాటి డార్ట్‌మూర్ కామన్స్ చట్టం ఉమ్మడి భూముల్లో కాలినడకన, గుర్రం మీద తిరిగే హక్కు ఇచ్చింది. రాత్రి గుడారం వేసుకునే హక్కు కూడా అందులో ఉందా లేదా అని భూయజమానులు కోర్టుకు వెళ్లారు. 2023 జనవరిలో హైకోర్టు లేదంది, అదే ఏడాది జులైలో అప్పీలు కోర్టు ఉందంది, 2025 మేలో సుప్రీంకోర్టు ఉందని తేల్చింది. అయితే ఒక్క జాగ్రత్త. క్రాన్‌మియర్ ఉన్నది సైన్యం కాల్పులు సాధన చేసే ప్రాంతంలో. హద్దుల వెంట ఎరుపు తెలుపు స్తంభాలు ఉంటాయి. కాల్పులు ఉన్న రోజుల్లో కొండలపై పగలు ఎర్ర జెండాలు, రాత్రి ఎర్ర దీపాలు. ముందుగానే తేదీలు ప్రకటిస్తారు, చూసుకుని వెళ్లాలి. నేల మీద లోహపు ముక్క ఏది కనిపించినా ముట్టుకోకూడదు, జ్ఞాపికగా అసలే తెచ్చుకోకూడదు.

పాముల గురించా అమ్మా? ఆడర్ అనే విషసర్పం ఉంది, బ్రిటన్‌లో విషమున్న పాము అదొక్కటే. అడుగుల చప్పుడుకే తప్పుకుంటుంది. నాకు దానికంటే పిడుదులంటే ఎక్కువ భయం. బ్రాకెన్‌లో నడిచాక ఒళ్లంతా చూసుకోవాలి, లైమ్ జబ్బు తెస్తాయి. ప్యాంటును మేజోళ్లలోకి దోపుకోండి. ఫొటోల్లో బాగుండదు, ఫరవాలేదు.

ఒంటరిగా వెళ్లమంటారా అని వెనక నుంచి అడిగారు. మొదటిసారి వద్దు. వెళ్లినా, ఏ దారిన పోతున్నారో, ఎప్పటికి తిరిగి వస్తారో ఇంట్లో ఎవరికైనా రాసి ఇవ్వండి. ఆ కాగితం దిక్సూచి కంటే ముఖ్యం.

చివరి ప్రశ్న మళ్లీ పెద్దాయనదే. మా కార్డు వచ్చిందా అని. వచ్చిందండీ. పందొమ్మిది రోజులకు. అప్పటికి ఆ వారమంతా వానలు. ఎవరు పంపారో పేరు లేదు. వెనక పెన్సిల్‌తో ఒక్క ముక్క రాసి ఉంది: "ఈ రోజు కొలనులో నీళ్లున్నాయి, చీలమండ దాకా." మా వాడు ఇప్పటికీ నమ్మడం లేదు.